కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు

డల్లాస్ దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఒకావిడ తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు. ఆనవాలు పట్టే వివరాలు రెండు మూడు మార్చాను. సంగతి మాత్రం ఆవిడ రాసినదే.

ఆవిడకి 46 ఏళ్ళు. ఎమ్మెస్సీ లెక్కలు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేశారు. పొద్దున్న ఆరింటి స్టడీ అవర్‌తో మొదలయ్యే ఉద్యోగం. వేసవి వస్తే పాఠాలు పక్కనపెట్టి, టెన్త్ రాసిన పిల్లల ఇళ్ళకి తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. తలకి ఇన్ని అని టార్గెట్. "ఎండలో చెప్పులరిగేలా తిరిగి, ఎవరింట్లోనో మంచినీళ్ళడిగి తాగి, మీ వాడికి ఐఐటీ సీటు ఖాయమండీ అని చెప్పి వచ్చేదాన్ని. ఖాయం కాదని నాకు తెలుసు" అని రాశారు.

2006లో భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, ఆవిడ వాళ్ళ జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4 మీద అమెరికా వచ్చారు. అప్పట్లో హెచ్-4 మీద ఉద్యోగం చెయ్యకూడదు. అపార్ట్‌మెంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పేవారు, డాలరు ముట్టకుండా. తల్లులు ఊరుకోలేక వండినవేవో పట్టుకొచ్చేవారట. "మా ఫ్రిజ్‌లో ఎప్పుడు చూసినా నాలుగిళ్ళ కూరలుండేవి." గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళ జీవిత భాగస్వాములకి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది ఆవిడకి ఈఏడీ అనే ఆ పని అనుమతి కార్డు చేతికొచ్చింది. 2017లో ఒక స్ట్రిప్ మాల్లో, డ్రైక్లీనింగ్ షాపు పక్కన, చిన్న జాగా అద్దెకి తీసుకుని సెంటర్ తెరిచారు. మొదట 11 మంది పిల్లలు. ఇప్పుడు రెండు సెంటర్లు, 240 మంది పిల్లలు, 14 మంది పార్ట్‌టైమ్ టీచర్లు. కరోనా ఏడాది భర్త జీతంతో అద్దె కట్టారు. 2021లో గ్రీన్‌కార్డు వచ్చింది. ఇక సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి.

చిక్కు ఆడపడుచు భర్త రూపంలో వచ్చింది. ఈవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తారు. 2006లో ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళి, ఏడు వారాలు ఇంట్లో పెట్టుకుని, ఈవిడకి కారు నేర్పిన మనిషి. వేరే రాష్ట్రంలో ఐ-20లు, అంటే విదేశీ విద్యార్థుల వీసాకి కావలసిన పత్రాలు, ఇచ్చే అనుమతి ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీ ఒకటి అమ్మకానికి వచ్చిందట. 6 లక్షల డాలర్లకి 40 శాతం వాటా. సగం డబ్బు మీ ఇంటి మీద లోన్ తీసుకోండి, చెల్లెమ్మా నువ్వు ప్రెసిడెంట్‌వి అన్నారు. "కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక మన పిల్లలు ఎక్కడికి పోతారు? చదువుతూనే మొదటి రోజు నుంచీ పని చేసుకోనిచ్చే అనుమతి, సీపీటీ, ఉన్న కాలేజీకే వస్తారు. నీ పేరుంటే కన్నవాళ్ళు కళ్ళు మూసుకుని పంపిస్తారు." ఈవిడ తటపటాయిస్తే ఇంకో దారి చూపించారు: డబ్బు పెట్టొద్దు, పేరూ వద్దు, పంపిన ప్రతి స్టూడెంటుకీ 1500 డాలర్లు తీసుకో.

భర్తకి ఉద్యోగం పోయి ఏడాదయింది. రోజూ సెంటర్‌కి వచ్చి కుర్చీలు సర్దుతారు. ఈ మాట వచ్చాక నెల రోజుల నుంచీ మనిషి మొహంలో వెలుగు వచ్చిందట. "బావ మాట కాదంటే అక్క దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంటారు.

ఈవిడ ఒక గురువారం ఆ కాలేజీ చూసి వచ్చారు. రిసెప్షన్, మూడు గదులు. కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడదియ్యలేదు. ఎంతమంది పిల్లలని అడిగితే 650 అన్నారు. ఏరీ అంటే హైబ్రిడ్, కొంత క్లాసులో కొంత ఆన్‌లైన్లో అన్నారు.

ఆ తర్వాత ఇంకో పెన్నుతో, కాస్త వంకరగా రాసిన నాలుగు వాక్యాలు: "నాకూ ఆశ లేకపోలేదండీ. ఇరవై ఏళ్ళుగా ట్యూషన్ ఆంటీని. పెళ్ళిళ్ళలో కూడా అలాగే పరిచయం చేస్తారు. ప్రెసిడెంట్ అన్న మాట విన్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

---

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నా కన్ను ఆ కుర్చీల దగ్గరే ఆగింది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొత్త కాలేజీల తనిఖీకి కొన్నిసార్లు కమిటీతో వెళ్ళాను. ఒకచోట ఫిజిక్స్ ల్యాబ్‌లో బల్లల నిండా పరికరాలు తళతళలాడుతున్నాయి. ఒక స్క్రూగేజి పెట్టె తిరగేసి చూస్తే అడుగున ఇంకో కాలేజీ పేరు తెల్ల పెయింటుతో రాసి ఉంది. ప్రిన్సిపాల్ గారు కాఫీ చల్లారిపోతోందండీ అన్నారు. అప్పట్నించీ ఏ విద్యాసంస్థకి వెళ్ళినా గోడ మీద సర్టిఫికెట్లు తర్వాత చూస్తాను. ముందు అరుగుదల చూస్తాను. బోర్డు అంచున పొడి, బెంచీ మీద చెక్కిన పేరు, బాత్రూం తలుపు గడియ. 650 మంది చదివే చోట కుర్చీకి కవరు మిగలదు. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, అందుకే ఆ వాక్యం రాశారు. మీ సెంటర్లో కుర్చీలు ఎన్నిసార్లు మార్చి ఉంటారు?

ముందు మీ వ్యాపారం సంగతి చూద్దాం. మీ సెంటర్‌కి ఒక తల్లి నెలనెలా డబ్బు కడుతోందంటే పిల్లకి ఆల్జీబ్రా రావాలని. రాకపోతే మూడో నెలలో మానిపిస్తుంది. అంటే మీరు ప్రతి నెలా పరీక్ష రాస్తున్నారు. అన్నయ్యగారు చెప్పిన కాలేజీలో పాఠం చెప్పకపోయినా ఎవరూ మానరు. చెప్పకపోతే ఇంకా సుఖం, వారమంతా ఉద్యోగం చేసుకోవచ్చు. అక్కడ ఫీజు ఐ-20కి కడుతున్నారు. కాబట్టి ఆయన మీ వ్యాపారాన్ని పెద్దది చేద్దామని రాలేదు, సరుకు మార్చమంటున్నారు. సరైన కాగితం లేక తొమ్మిదేళ్ళు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు మీరు. ఆ కాగితం కోసం మనిషి ఎంతకైనా తెగిస్తాడని మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ ఆత్రం మీదే ధర కడుతున్నారు.

అలాగని చిన్న కాలేజీలన్నీ ఇంతే అనను. మొదటి రోజు సీపీటీ అన్న మాట వినగానే నేరమనీ అనను. మామూలుగా ఒక విద్యాసంవత్సరం చదివాకే సీపీటీకి అర్హత వస్తుంది. మొదటి నుంచీ పని చెయ్యడం కోర్సులోనే భాగమైన పీజీ ప్రోగ్రాములకి మాత్రం మినహాయింపు ఉంది. కిటుకంతా ఆ "కోర్సులో భాగం" అన్న మాటలో ఉంది. స్టోర్‌లో రాత్రి డ్యూటీ చేసే పిల్లాడికి డేటా సైన్స్ కోర్సులో భాగమని రాసిస్తే అది సీపీటీ కాదు, అబద్ధం. పైగా పన్నెండు నెలలు పూర్తికాలం సీపీటీ వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, పోతుంది. ఆ మాట చేరే రోజున ఎంతమందికి చెబుతున్నారో అడగండి. ఇక హైబ్రిడ్. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి టర్ముకి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అదీ మూడు క్రెడిట్ల వరకే, పూర్తికాలపు చదువు లెక్కలోకి వస్తుంది. మిగతా వాటికి మనిషి గదిలో కూర్చోవాలి. మూడు గదుల్లో 650 మంది ఎలా కూర్చుంటారో మీరు లెక్కల మనిషి, వేసుకోండి.

2011 జనవరి గుర్తుందా? కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. వెయ్యిమందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మనవాళ్ళే. పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టిన ఫోటోలు మన పేపర్లన్నిటిలో వచ్చాయి. అప్పుడు అందరం పిల్లల కాళ్ళ గురించే మాట్లాడుకున్నాం, నడిపిన మనిషి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడ కూడా మీలాగే వలస వచ్చినావిడ, చైనా నుంచి. సొంతంగా విద్యాసంస్థ పెట్టిన మహిళ. విద్యార్థుల్లో సగం మందికి పైగా సనీవేల్‌లో ఒకే ఒక్క అపార్ట్‌మెంట్లో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. 2014లో జ్యూరీ 31 అభియోగాల్లో దోషి అంది. శిక్ష 198 నెలలు, అంటే పదహారున్నరేళ్ళు. 56 లక్షల డాలర్ల ఆస్తి జప్తు. ఆవిడ కథలోనూ మొదట్లో ఒక గది, ఒక బోర్డు, ఒక పదవి ఉండే ఉంటాయి.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ప్రెసిడెంట్ అనే పదవిలో అసలు పనేమిటో అన్నయ్యగారు చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే ప్రతి సంస్థా ఐ-17 ఫారం పెట్టుకుని, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం ఎస్ఈవీపీ అనుమతి తెచ్చుకోవాలి, రెండేళ్ళకోసారి మళ్ళీ ధ్రువీకరించుకోవాలి. ఐ-20 మీద సంతకం పెట్టే అధికారిని డీఎస్ఓ అంటారు. ఆ ఉద్యోగానికి అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయ్యుండాలి. మీకు 2021లో వచ్చిన కార్డు మీద వాళ్ళకి ఇంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమవుతోందా? ఐ-20లో స్కూలు సంతకం పెట్టే చోట ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: ఇందులో రాసినది నిజమని, అబద్ధమైతే శిక్షకి లోబడి ధ్రువీకరిస్తున్నానని. పిల్లాడు క్లాసుకి రావడం మానేస్తే 21 రోజుల్లో సెవిస్ అనే ప్రభుత్వ రికార్డుల వ్యవస్థలో నమోదు చెయ్యవలసింది కూడా ఆ అధికారే. లాభం 40 శాతమేమో గానీ సంతకానికి శాతాలుండవు. గ్రీన్‌కార్డు ఉన్నా ఇలాంటి మోసం కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే వీలుంది. సిటిజన్‌షిప్ దరఖాస్తులో సత్ప్రవర్తన చూస్తారు. పదిహేనేళ్ళు కాచుకుని తెచ్చుకున్న దాన్ని ఇక్కడ పందెం కాస్తున్నారు, ఆరు లక్షల డాలర్లు దాని పక్కన చిన్న మొత్తం.

రెండో దారి, తలకి 1500. ఇది తేలికగా కనిపిస్తుంది, పేరు బయటికి రాదు కదా అనిపిస్తుంది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి చూడండి. మిషిగన్‌లో ప్రభుత్వ అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. పాఠాల్లేవు, టీచర్లు లేరు. 2019 జనవరిలో వల లాగినప్పుడు ఎనిమిది మంది మీద నేరాభియోగాలు పెట్టారు. ఆ ఎనిమిదిమందిలో యజమాని లేడు, ప్రెసిడెంటు లేడు. అందరూ పిల్లల్ని చేర్పించి కమీషన్ తీసుకున్నవాళ్ళే. అంతకుముందు 2016లో న్యూజెర్సీలో ఇలాంటి ఇంకో వలలో 21 మంది బ్రోకర్లు పట్టుబడ్డారు. అందుకని, పెట్టుబడి లేదు కాబట్టి ప్రమాదం లేదు అన్న లెక్క తప్పు. నా దృష్టిలో ఈ రెండోదే మొదటిదానికంటే అన్యాయమైన బేరం. యజమాని దగ్గర కనీసం లాయరుంటాడు. మీ దగ్గర ఒక వాట్సాప్ సందేశం, బ్యాంకు ఖాతాలో 1500 జమ, అంతే.

ఇక్కడ విజయవాడ ఎండ గుర్తుకు రాక మానదు. అప్పుడు మీకు 22, 23 ఏళ్ళు, జీతం మీద బతుకు, టార్గెట్ ఎవరో పెట్టారు. ఖాయమండీ అన్న మాట ఇన్నేళ్ళకీ మీ గొంతులో ఇరుక్కుని ఉందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ఇంత చెప్పినా, ఆ కాలేజీ నిజంగా బాగుచెయ్యగలిగినదేమో అని మీ మనసులో ఓ మూల ఉండొచ్చు. ఉండనివ్వండి, అదీ ఒక దారే. కొని శుభ్రం చేసి నడిపినవాళ్ళు ఉండొచ్చు. అలా అయితే ఒక సోమవారం పొద్దున్న పదింటికి చెప్పాపెట్టకుండా వెళ్ళండి. పార్కింగ్‌లో కార్లు లెక్కపెట్టండి. పాఠం చెప్పేవాళ్ళ జీతాల పట్టిక, గత రెండేళ్ళ హాజరు పట్టికలు, ఎస్ఈవీపీతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు అడగండి. గుర్తింపు ఎవరిచ్చారో అడిగి, ఆ గుర్తింపు సంస్థకి కేంద్ర విద్యాశాఖ గుర్తింపు ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. 2022 ఆగస్టులో ఏసీఐసీఎస్ అనే గుర్తింపు సంస్థకే గుర్తింపు పోయి, దాని నీడన ఉన్న కాలేజీలు ఇంకో నీడ వెతుక్కోవలసి వచ్చింది. ఇంకొకటి. యాజమాన్యం మారితే ఎస్ఈవీపీ అనుమతి ఇల్లు అమ్మినప్పుడు తాళంచెవి ఇచ్చినట్టు చేతులు మారదు. కొత్త యజమానులు మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి, మళ్ళీ పరీక్షకి నిలబడాలి. అమ్ముతున్నాయన ఆ మాట చెప్పారా? చెప్పకపోతే ఏం అమ్ముతున్నట్టు?

శుభ్రం చేస్తే ఏమవుతుందో కూడా ఊహించుకోండి. రేపు మీరు ప్రెసిడెంటై అందరూ క్లాసుకి రావాలంటే 650 మందిలో ఎంతమంది మిగులుతారు? వందో, నూటయాభయ్యో అనుకుందాం. అప్పుడు ఆ కాలేజీ ఖరీదు ఆరు లక్షలకి 40 శాతం ఉండదు. అంటే అన్నయ్యగారు చెబుతున్న ధర, శుభ్రం చెయ్యకుండా ఉంటేనే కిట్టే ధర. ఆయన కాగితం మీద వేసి చూపించిన లాభాల లెక్కలో "వంద మంది" అన్న వరస ఒకటి వెయ్యమనండి. ఏమంటారో చూడాలని నాకూ ఉంది.

ఇక ఇంకో పెన్నుతో రాసిన ఆ నాలుగు వాక్యాలు. ఉత్తరంలో వాటినే ఎక్కువసేపు చదివాను. ఆశ ఉండటం తప్పని మీకెవరు చెప్పారు? ఒక మగవాడు పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టి 240 మందికి చేరి, పద్నాలుగు మంది టీచర్లకి జీతాలిచ్చే స్థాయికి వస్తే ఫౌండర్ గారు అంటారు. మీరైతే ట్యూషన్ ఆంటీ. అది మన పలకరింపులో ఉన్న పిసినారితనం. పెళ్ళిలో ఎవరైనా అలా పరిచయం చేస్తే నవ్వుతూనే "రెండు లెర్నింగ్ సెంటర్లు నడుపుతున్నానండీ" అని దిద్దండి. నాలుగు పెళ్ళిళ్ళకి అలవాటైపోతుంది.

పేరు కాక పనే పెద్దది కావాలంటే దారులున్నాయి, ఒక్కొక్కదాని బరువు ఒక్కోలా ఉంటుంది. మీ ఎమ్మెస్సీని ఇన్నాళ్ళు అటకెక్కించారు, అది నాకు బాధగా ఉంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల కాలేజీల్లో డిగ్రీ స్థాయి లెక్కలు చెప్పడానికి మాస్టర్స్, అందులో ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు అన్నది అందరూ పాటించే కొలత. మీ డిగ్రీని మూల్యాంకనం చేయించుకుంటే మీ చుట్టుపక్కల కమ్యూనిటీ కాలేజీల్లో అడ్జంక్ట్‌గా, అంటే పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా, సాయంత్రం క్లాసులకి దరఖాస్తు పెట్టొచ్చు. డబ్బు పెద్దగా రాదు. కానీ క్లాసులో పిల్లలు ప్రొఫెసర్ అని పిలుస్తారు, దానికి ఎవరి వాటా కొననక్కర్లేదు. సెంటర్లు సాయంత్రమే నడుస్తాయి కాబట్టి వేళలు ఢీకొనడమే ఇక్కడ చిక్కు, వారానికి ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టాల్సి ఉంటుంది.

రెండోది సొంత స్కూలు. టెక్సస్‌లో ప్రైవేటు స్కూలు తెరవడానికి రాష్ట్ర విద్యాశాఖ లైసెన్సు అక్కర్లేదు. వినడానికి బాగుంటుంది, అదే ఉచ్చు కూడా. లైసెన్సు అక్కర్లేదు గానీ గుర్తింపు లేకపోతే ఎవరూ నమ్మరు. 2025 మేలో సంతకమైన రాష్ట్ర చట్టం ప్రకారం ప్రైవేటు స్కూలుకి వెళ్ళే పిల్లలకి ఏడాదికి సుమారు పది వేల డాలర్ల ప్రభుత్వ సాయం వచ్చే వీలుంది. కానీ స్కూలుకి గుర్తింపు ఉండాలి, నడవడం మొదలై రెండేళ్ళైనా అయ్యుండాలి. అంటే మొదటి రెండేళ్ళు మీ జేబులోంచే. పగటిపూట ఖాళీగా ఉండే మీ రెండు సెంటర్లలో ఒకదానిలో ఇరవై మంది పిల్లలతో మొదలుపెట్టే ఆలోచన చెయ్యొచ్చు. ఆరు లక్షలు అక్కర్లేదు, కానీ రోజుకి పద్నాలుగు గంటలు పోతాయి. 46 ఏళ్ళకి ఒళ్ళు ఏమంటుందో మీకే తెలియాలి.

మూడో సెంటర్ తెరవడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే విసుగు. లీజు మీద మీ వ్యక్తిగత హామీ సంతకం ఉంటుందని మాత్రం మర్చిపోకండి. 2020లో ఆ సంతకం ఎంత బరువో చూశారు.

ఇప్పుడు మీ ఆయన. ఆయన్ని తప్పు పట్టలేను. ఏడాదిగా భార్య సెంటర్లో కుర్చీలు సర్దే మనిషికి డైరెక్టర్ అని ఎవరో పిలిస్తే మొహంలో వెలుగు రాదా? మీకు ప్రెసిడెంట్ మాటకి నిద్ర పట్టనట్టే ఆయనకీ. కాలేజీ వద్దని చెప్పేముందు ఆ వెలుగుకి ఇంకో ఆధారం చూడండి. జీతాల లెక్కలు, అద్దె ఒప్పందాలు, మూడో సెంటర్ జాగా వెతకడం వంటి పనుల్లో ఏదో ఒకటి పూర్తిగా ఆయనకి అప్పగించి, పేరోల్‌లో పెట్టి, మీరు వేలు పెట్టకుండా ఉండగలరా? మీ సమాధానం చాలాసేపటికి గానీ రాదనుకుంటాను. నిజానికి టెక్సస్ చట్టం ప్రకారం పెళ్ళయ్యాక సంపాదించినది ఇద్దరిదీ. ఆ సెంటర్లు ఇప్పటికే ఆయనవి కూడా, ఆయనకి అలా అనిపించడం లేదంతే.

ఇంటి మీద అప్పు విషయంలో మీ చేతిలో ఉన్న తాళం మీకు తెలుసో తెలియదో. టెక్సస్‌లో సొంతింటి మీద హోమ్ ఈక్విటీ లోనుకి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. అన్ని అప్పులూ కలిపి ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. దరఖాస్తు పెట్టాక పన్నెండు రోజులు ఆగాలి, సంతకమయ్యాక కూడా మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. ఇవన్నీ ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. కాబట్టి "అంతా అయిపోయింది, ఇక వెనక్కి రాలేం" అని ఎవరన్నా నమ్మకండి.

అన్నయ్యగారికి ఎలా చెప్పాలి? ఆ ఏడు వారాల రుణం పెద్దదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. ఫోన్లో కాదు, మనిషి ఎదురుగా, మీ ఆడపడుచు కూడా ఉన్నప్పుడు, మీరిద్దరూ కలిసి వెళ్ళి చెప్పండి. "అన్నయ్యా, మీరు మాకు చేసినది మర్చిపోయేది కాదు. మీకు ఇంట్లో ఏ అవసరం వచ్చినా మేమున్నాం. ఈ కాలేజీలో మాత్రం డబ్బూ పెట్టం, పిల్లల్నీ పంపం. మీరూ పెట్టొద్దని అడగడానికే వచ్చాం." చివరి వాక్యం మింగెయ్యకండి. ట్రై-వ్యాలీ, ఫార్మింగ్టన్ సంగతులు ఆయనకి తెలిసే ఉంటాయి, మనదాకా రావులే అనుకుని ఉంటారు. ఆయనకి కోపం వస్తుంది. కొన్నాళ్ళు రాకపోకలు తగ్గొచ్చు, పండక్కి పిలుపు రాకపోవచ్చు, మీ ఆయన రెండువైపులా నలుగుతారు. ఆ ఖర్చు ఉంటుంది, లేదని చెప్పను. ఒప్పుకుంటే ఆ ఖర్చు తప్పుతుందని మాత్రం అనుకోకండి. ఆ 650 మందిలో ఒక పిల్లాడి తండ్రి ఒంగోలు నుంచో నల్లగొండ నుంచో మీ నంబరు పట్టుకుని ఫోన్ చేసే రోజు వస్తే, ఎత్తవలసింది మీరే. మీ పేరు చూసే కదా పంపింది.

వద్దంటే పిరికిదాన్నా అని అడిగారు. తొమ్మిదేళ్ళు డబ్బు ముట్టకుండా చెప్పి, కార్డు వచ్చిన మరుసటి ఏడాదే లీజు మీద సంతకం పెట్టిన మనిషి ఆ మాట అడగడం నాకు వింతగా ఉంది.

చివరి పేజీ అడుగున, తాజాకలం కింద, మామూలుగా రాసేశారు గానీ మీరు ముందు చెయ్యవలసిన పని అక్కడ ఉంది. అన్నయ్యగారు అడిగితే మీ ఫోటో, రెజ్యూమే, గ్రీన్‌కార్డు కాపీ "వెబ్‌సైట్ కోసం" పంపానన్నారు. వెబ్‌సైట్‌కి గ్రీన్‌కార్డు కాపీ ఎందుకమ్మా? ఈ వారంలో రెండు పనులు చెయ్యండి. ఆ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి మీ పేరు ఎక్కడైనా ఉందేమో చూసి, ఉంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత మీ సొంత ఇమిగ్రేషన్ అటార్నీని కలవండి, అన్నయ్యగారు చెప్పిన అటార్నీని కాదు. మీరు మీ లాయరుతో చెప్పినది మీ ఇద్దరి మధ్యే ఉంటుంది. ఆ లాయరు సలహాతో అన్నయ్యగారికీ కాలేజీకీ ఒక ఈమెయిల్ రాయండి: నేను మీ సంస్థలో ఏ హోదాలోనూ లేను, నా పేరు, ఫోటో, పత్రాలు ఏ దరఖాస్తులోనూ వాడటానికి అనుమతి లేదు, పంపినవి తొలగించి ఆ మాట రాసి పంపండి అని. రెండు వాక్యాలు చాలు. ఫోన్లో చెబితే సరిపోతుందని మీ ఆయన అంటారు. ఫోన్ కూడా చెయ్యండి, కానీ ఈమెయిల్ వెళ్ళాకే.